సైన్స్ ఫాంటసీ క్యాంపెయిన్‌లో రూపం మార్చే నక్కజాతి: రూల్స్ ఎలా కట్టాలి?

ప్రశ్న: బెజవాడ_పాచికలు

అందరికీ నమస్కారం. విజయవాడలో ఐదుగురు ఆటగాళ్లతో సైన్స్ ఫాంటసీ క్యాంపెయిన్ మొదలుపెడుతున్నాం, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథ. కథ నడిపే జీఎం (గేమ్ మాస్టర్) నేనే. రూల్స్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ డీ20 (ఇరవై ముఖాల పాచిక) పద్ధతి, 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదలైన రూల్స్ పత్రం ఎస్ఆర్‌డీ 5.1. కథాకాలం ఇప్పటికి మూడొందల ఏళ్ల తర్వాత. గన్నవరంలో అంతరిక్ష రేవు, పైన బెజవాడ పేరు పెట్టుకున్న కక్ష్యా కాలనీ ఉంటాయి. ప్రకాశం బ్యారేజీ, గుంటూరు మిర్చి యార్డు అప్పటికీ ఉంటాయి. మంత్రాలున్నాయి, లేజర్ తుపాకులూ ఉన్నాయి.

ఆటగాళ్లు ఎంచుకోగల జాతుల్లో కామరూప నక్కలు కావాలి. జపాన్ కథల్లో రూపం మార్చే తొమ్మిది తోకల నక్క కిత్సునెని ఉన్నదున్నట్టు దించడం నాకిష్టం లేదు. మన మెట్ట పొలాల గుంటనక్కే మూలం కావాలి. తొమ్మిది తోకల సంగతి మాత్రం వదులుకోలేను. ఎక్కడ ఆగానో చెప్తాను:

రూపం మార్చడం మొదటి లెవెల్ (పాత్ర ఎదిగే మెట్టు) నుంచే ఇస్తే తాళం వేసిన ప్రతి తలుపూ దండగవుతుందా? కెమెరాలు, వేలిముద్రలు, స్కానర్లు ఉన్న లోకంలో మారువేషానికి విలువేముంటుంది? అంతరిక్ష సూట్ వేసుకున్నప్పుడు రూపం మారితే ఏమవుతుంది? ఒక ఆటగాడు ఇంకో సంగతి అడిగాడు: అరవై కిలోల మనిషి మూడు కిలోల నక్కగా మారితే మిగతా బరువు ఎక్కడికి పోతుంది?

జవాబు: గుంటూరు_డీ20

మంచి ప్రశ్న అండీ. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. నక్కజాతిని పాడుచేసేది రూపం మారే శక్తి కాదు, ఆ శక్తికి ఖరీదు లేకపోవడం. "ఎవరి ముఖమైనా, ఎప్పుడైనా" అన్నారంటే మూడో వారానికల్లా మీ కథలో రహస్యమనేది మిగలదు. కాబట్టి ముఖాలు స్థిరంగా ఉండాలి. పుట్టుకతో రెండు రూపాలు చాలు: నక్క తలతో, తోకతో రెండు కాళ్ల మీద నడిచే అసలు రూపం ఒకటి, మారని మనిషి ముఖం ఒకటి. ఆ మనిషికి ఒక పేరు, వయసు, వీధిలో పలకరించే నలుగురు ఉంటారు. అది ముసుగు కాదు, రెండో జీవితం. ఆటగాడు క్యారెక్టర్ షీట్ వెనకవైపు దానికీ ఒక పేరా రాయాలి.

ఇక అంకెలు. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) +2, కరిజ్మా (ఆకట్టుకునే తీరు) +1. నడక 30 అడుగులు, చీకటి చూపు 60 అడుగులు. వాసన, చప్పుడు మీద ఆధారపడిన పర్సెప్షన్ (పసిగట్టే) చెక్‌కి, అంటే పాచిక పరీక్షకి, అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం). రూపం మారడానికి ఒక యాక్షన్, అంటే ఒక రౌండ్‌లో పాత్ర చేసే ముఖ్యమైన పని. మామూలు పోరాటం మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతుంది కాబట్టి ఒక యాక్షన్ అంటే ఆ పోరాటంలో మూడో వంతో నాలుగో వంతో. అంత ఖరీదుంటే ఆటగాడు ఆలోచించి మారతాడు. బట్టలు, సామాను రూపంతో పాటు మారవు. ఇది పెద్దక్షరాలతో రాసిపెట్టండి, టేబుల్ మీద ఎక్కువ వాదనలొచ్చేది ఇక్కడే.

తొమ్మిది తోకలు ఈ రూల్స్‌లో అచ్చంగా ఇమిడిపోతాయి. బేసి లెవెల్‌కి ఒక తోక చొప్పున ఇస్తే 1, 3, 5... అలా 17కి తొమ్మిదో తోక వస్తుంది. ప్రతి తోకకూ ఒక శక్తి ఇస్తే లెక్క పెట్టలేరు. బేసి తోకలకే ఇవ్వండి. 1, 3, 5, 7, 9 తోకలు వచ్చేది 1, 5, 9, 13, 17 లెవెల్స్‌లో. నైపుణ్యం ఉన్న రోల్స్‌కి కలిపే ప్రొఫిషియెన్సీ బోనస్ మొదలయ్యే, పెరిగే లెవెల్స్ కూడా అవే, గుర్తుపెట్టుకోవడం తేలిక.

మొదటి తోక: పైన చెప్పిన రెండు రూపాలు.

మూడో తోక: చిన్న నక్క రూపం. నడక 40 అడుగులు, సైజు టైనీ (అన్నిటికంటే చిన్నది), చేతుల్లేవు, మాట లేదు, మంత్రాలు వేయలేదు. ఏసీ (దెబ్బ తగలాలంటే రోల్ అందుకోవాల్సిన అంకె) 10కి డెక్స్ కలపడమే, హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఉన్నవే. డ్రూయిడ్‌కి (జంతువుగా మారే మంత్రగాడి పాత్ర) జంతువు రూపంలో విడిగా హిట్ పాయింట్లు వస్తాయి, కానీ ఒక విశ్రాంతికి రెండుసార్లే మారగలడు. లెక్కలేనన్నిసార్లు మారే నక్కకి కూడా విడిగా ఇస్తే ప్రతి దెబ్బకీ రూపం మార్చి కొత్త ప్రాణంతో నిలబడుతుంది. మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఈ తోకలోనే ఉంది. మొదటి లెవెల్‌లో గాలి గొట్టంలోంచి దూరే నక్క తాళాలన్నిటినీ చంపేస్తుంది. ఐదో లెవెల్‌కి పార్టీలో ఎగిరే మంత్రమే వచ్చేసి ఉంటుంది, అప్పుడు ఈ నక్క ఎవరి వాటా తినదు.

ఐదో తోక: రెండో మనిషి ముఖం. ఏడో తోక: రూపం మారడం బోనస్ యాక్షన్‌గా (యాక్షన్‌కి అదనంగా చేసే చిన్న పని). తొమ్మిదో తోక: కనీసం గంటసేపు దగ్గరుండి చూసిన ఎవరి ముఖమైనా ఒక రోజు వరకు. అందరి ముఖాలూ అందుకునే శక్తి ఇక్కడే రావాలి, ముందు కాదు.

మారువేషం రోల్ గురించి ఒక హెచ్చరిక. డిసెప్షన్ (మోసగించే నైపుణ్యం) +5 ఉన్న నక్క, పాసివ్ పర్సెప్షన్ (పాచిక వేయకుండానే పసిగట్టే అంకె) 13 ఉన్న కాపలాదారు అనుకోండి. పాచిక మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం. ముఖం నిజంగా మారింది కాబట్టి అడ్వాంటేజ్ ఇస్తే దాదాపు 88 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఐదు గేట్లు పెట్టి ఐదుసార్లు రోల్ చేయిస్తే అన్నీ దాటే అవకాశం 52 శాతానికి దిగుతుంది. అడ్వాంటేజ్ కూడా లేకపోతే 12 శాతం కూడా ఉండదు. "నా నక్క ఎప్పుడూ దొరికిపోతోంది" అని ఆటగాడు మొహం మాడ్చుకునేది ఇలాంటప్పుడే. ఒక చొరబాటుకి ఒకటే రోల్. కొత్త ప్రమాదం ఎదురైతేనే ఇంకోటి. ముఖానికి ఇచ్చిన అడ్వాంటేజ్ ముఖానికే, ఆ ముఖంతో చెప్పే అబద్ధానికి వేరే రోల్, అడ్వాంటేజ్ లేకుండా.

మన వాళ్ల కోసం ఒకటి తప్పకుండా పెట్టండి. "నక్క తోక తొక్కాడు" అనుకుంటాం కదా, దాన్నే శక్తిగా మార్చండి. లాంగ్ రెస్ట్‌కి (రాత్రి విశ్రాంతికి) ఒకసారి, ఐదడుగుల్లోపు ఉన్న తోటి ఆటగాడి డీ20 రోల్ తప్పితే నక్క తన రియాక్షన్ (వేరేవాళ్ల వంతులో చేసే ఒక్క పని) ఖర్చుపెట్టి మళ్లీ వేయిస్తుంది. తనకి వాడుకోకూడదు. తోక బయటికి కనిపించే రూపంలోనే పనిచేయాలి. అప్పుడు దాక్కోవాలా, స్నేహితుడికి అదృష్టం ఇవ్వాలా అని ఆటగాడే తేల్చుకోవాలి. నాకు ఈ జాతి మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే.

సున్నా హిట్ పాయింట్లకి పడిపోతే అసలు రూపం వచ్చేయాలి. నిద్రలో రాకూడదు. అలా పెడితే ప్రతి రాత్రీ ఒక గొడవే.

జవాబు: స్కానర్_దగ్గర_నిలబడు

కెమెరాల సంగతి నేను చెప్తాను. ఏ పరికరం దేన్ని చూస్తుందో విడదీస్తే సగం చిక్కు విడిపోతుంది.

ముఖం గుర్తించే కెమెరా, వేలిముద్రలు, కనుపాప: వీటిని నక్క రోల్ లేకుండానే దాటేయాలి. స్థిరమైన ముఖానికి స్థిరమైన వేలిముద్రలు, కనుపాపలు ఉంటాయి. ఆధార్‌లో ఇప్పుడు తీసుకునేవి పది వేలిముద్రలు, రెండు కనుపాపలు, ఒక ఫొటో. ఒకే మనిషి రెండోసారి నమోదు కాకుండా సరిపోల్చేది వాటితోనే. మీ కథలోనూ అలాంటి జాబితా ఉంటే, ఐదో తోక వచ్చిన నక్క ఆ రెండో మనిషి ముఖంతో రెండో కార్డు తీసుకోగలదు. యంత్రం పట్టుకోలేదు. ప్రభుత్వానికి ఆ సంగతి తెలుసు కూడా. అందుకే నక్కజాతిని చట్టం ఎలా చూస్తుందన్నది మీ క్యాంపెయిన్‌కి పెద్ద వనరు. బెయిలు, ఆస్తి, పెళ్లి, అన్నీ అక్కడ తిరుగుతాయి.

డీఎన్ఏ: ఏ ముఖంలో ఉన్నా ఒకటే. తప్పించుకునే దారి లేదు. అందుకే పరీక్షకి ఆటలో ఒక గంట పట్టేలా పెట్టండి, అప్పుడు ప్రతి గుమ్మంలో వాడలేరు.

వేడి చూసే కెమెరా: నాకు బాగా నచ్చింది ఇది. కుక్క కుటుంబపు జంతువుల ఒంటి వేడి 38, 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, మనిషిది 37. మనిషి ముఖంలో ఉన్నా ఆ వేడి మారదని రూల్ పెట్టండి. స్కానర్ "నక్క" అని అరవదు, "జ్వరం" అంటుంది. గన్నవరం రేవులో పక్కకి తీసుకెళ్లి కూర్చోబెడతారు, డాక్టర్ వస్తాడు. డీసీ (రోల్ అందుకోవాల్సిన అంకె) 12 డిసెప్షన్‌తోనో, ముందే జేబులో పెట్టుకున్న మందుచీటీతోనో బయటపడొచ్చు. రెండోసారి కూడా అదే గేటులో జ్వరమంటే డీసీ 17.

బరువు పలక: చిన్న నక్కకే ప్రమాదం. దాని సంగతి బరువు ఎక్కడికి పోతుందో తేల్చుకున్నాక.

జవాబు: శూన్యంలో_సంచారి

గుంటూరు_డీ20 గారితో ఒక్క చోట ఒప్పుకోను. సున్నాకి పడగానే అసలు రూపం రావాలన్న రూల్ నేల మీద సరే, సూట్‌లో అది ఉరిశిక్షే. మనిషి కొలతకి కుట్టిన సూట్‌లో ఒక్కసారిగా మూతి పొడుచుకొచ్చి హెల్మెట్ అద్దానికి గుద్దుకుంటుంది. మడమలు పైకి లేచి బూట్లలోంచి జారతాయి, నక్క వేళ్ల మీద నడిచే జంతువు కదా. తోకకి చోటే ఉండదు. స్పృహలేని క్యారెక్టర్‌కి డెత్ సేవ్స్‌తో (బతుకుతుందో లేదో తేల్చే రోల్స్) పాటు సూట్ చిరిగే ప్రమాదమూ తోడవుతుంది. చనిపోతేనే అసలు రూపం వస్తుందని పెట్టండి. స్పృహ తప్పినప్పుడు చెవులు మాత్రం బయటపడితే చాలు. కథకి కావాల్సిన గుట్టు రట్టు దాంతోనే అవుతుంది.

సూట్ రూల్ ఇలా రాసుకోండి. సూట్ ఒక రూపానికి కుట్టి ఉంటుంది. లోపల రూపం మార్చితే డీసీ 13 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో ముప్పు తప్పించుకునే రోల్), తప్పితే సీల్ ఊడుతుంది. గాలి పోయాక మనిషికి స్పృహ ఉండేది 10 నుంచి 15 సెకన్లు. మన రౌండ్ 6 సెకన్లు కాబట్టి సరిగ్గా రెండు రౌండ్లు. ఒక రౌండ్ తిరిగి మారడానికి పోతే తలుపు చేరడానికి మిగిలేది ఒక్కటే. టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడరు ఆ రెండు రౌండ్లూ.

అసలు రూపానికి కుట్టిన సూట్ కొంటే రెండు రూపాలూ పడతాయి: మూతికి పొడవాటి హెల్మెట్, వీపు వెంట తోక సంచీ, మడమ ఎత్తిన బూట్లు. ధర ఒకటిన్నర రెట్లు. మనిషి రూపంలో అందులో వదులుగా ఉంటుంది, అక్రోబాటిక్స్‌కి డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది తీసుకోవడం). కానీ తోక సంచీ ఉన్న సూట్ వేసుకుని ఎయిర్‌లాక్ దగ్గర నిలబడితే ఇక దాచడానికేముంది? అందుకే రహస్యంగా బతికే నక్కలు ఇరుకు సూట్‌లోనే తిరుగుతారు. మెత్తటి తోక అయినా బయట వేలాడేలా కుట్టొద్దు. ఈనాటి అమెరికన్ స్పేస్‌వాక్ సూట్‌లో ఒత్తిడి 4.3 పీఎస్ఐ మాత్రమే, దానికే గుడ్డ ఉబ్బి బిగుసుకుని వేళ్లు వంచడం కష్టమవుతుంది. గాలి నింపిన తోక గొట్టం కర్రలా నిలబడి ప్రతి తలుపులో ఇరుక్కుంటుంది.

చిన్న నక్కగా సూట్‌లో మారడం అసలే కుదరదని రాసేయండి. సూట్ కడుపు భాగంలోకి జారిపోతుంది, మీటలు అందవు.

బెజవాడ_పాచికలు

అందరికీ చాలా థాంక్సండీ. "జ్వరం" స్కానర్, తోక తొక్కడం రెండూ తీసుకుంటున్నాను. చెవులు మాత్రమే బయటపడాలన్న రూల్ కూడా. ఇంకా మిగిలినవి: బరువు, బలహీనతలు. కిత్సునె కథల్లో కుక్కలంటే భయం కదా, మన నక్కకి ఏం పెట్టాలి? ఇంకొకటి, ఐదుగురిలో ముగ్గురు నక్కే కావాలంటున్నారు.

జవాబు: గుంటూరు_డీ20

శూన్యంలో_సంచారి గారి సవరణ సరైనదే, సూట్ కోణం నుంచి చూస్తే నా రూల్ నిలవదు.

బరువు. పోయిన 57 కిలోలు శక్తిగా మారాయనకండి. ద్రవ్యరాశిని శక్తిగా లెక్కేస్తే అది 1,200 మెగాటన్నుల టీఎన్‌టీకి పైమాటే, బెజవాడ మిగలదు. బరువంతా అలాగే ఉంటుందంటే అరవై కిలోల చిన్న నక్క గాలి గొట్టం రేకుని చించుకుని కింద పడుతుంది. కిత్సునె కథల్లో నక్క దగ్గర ఒక మెరిసే గోళం ఉంటుంది. బరువంతా అందులోకి పోనివ్వండి. నక్క రెండు కాళ్ల మీద ఉన్నప్పుడు ఆ గోళం దూదిలా ఉంటుంది, చిన్న నక్కగా మారిన క్షణాన 57 కిలోలవుతుంది. సైజు దబ్బకాయంత. సహజ మూలకాల్లో అన్నిటికంటే సాంద్రమైన ఆస్మియంతో చేసినా ఆ బరువు గోళం 17 సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి, కాబట్టి ముట్టుకున్న ఇంజనీర్ క్యారెక్టర్‌కి ఇది మామూలు పదార్థం కాదని వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు రూల్స్‌లోకి దించండి. 57 కిలోలు దాదాపు 126 పౌండ్లు. మోయగల బరువు (పౌండ్లలో) స్ట్రెంగ్త్‌కి, అంటే బలం అంకెకి, 15 రెట్లు, అంటే స్ట్రెంగ్త్ 8 ఉన్న మంత్రగాడు 120 పౌండ్లే మోస్తాడు. గోళం జేబులో పెట్టుకుని ధీమాగా నిలబడ్డ అతన్ని, నక్క మారగానే అది నేలకి లాగేస్తుంది. అతను దాన్ని ఈడ్చగలడు, రౌండ్‌కి ఐదడుగుల చొప్పున. గోళం మైలు దూరంలోపు లేకపోతే నక్క తిరిగి పెద్ద రూపానికి రాలేదు. ఎవరి చేతికి గోళం ఇస్తుందన్నదే ఆ క్యారెక్టర్ ఎవరిని నమ్ముతుందో చెప్పేస్తుంది.

ముగ్గురు నక్కలైనా ఫర్వాలేదు. ఒకరికి కాలనీ ముఖం, ఒకరికి పల్లె ముఖం, మూడో వ్యక్తి మనిషి ముఖమే లేకుండా పెరిగిన నక్క అయితే (దాని బదులు ఒక స్కిల్ ఇవ్వండి) ముగ్గురూ మూడు రకాలుగా ఆడతారు. తోక తొక్కే శక్తి మాత్రం పార్టీ మొత్తానికి ఒక పోరాటంలో ఒక్కసారే. లేకపోతే మూడు రీరోల్స్ అవుతాయి.

జవాబు: పొణికి_బొమ్మ

టేబుల్ మీద పాత్రలకి గుర్తుగా పెట్టే టోకెన్ల గురించి చిన్న మాట. అంగుళం వ్యాసంతో అట్టముక్క గుండ్రంగా కోసి, ఒకవైపు మనిషి, ఇంకోవైపు నక్క గీయండి. తిరగేస్తే రూపం మారినట్టు, యాక్షన్ ఖర్చయినట్టు అందరికీ కనిపిస్తుంది. చిన్న నక్కకి అర అంగుళం ముక్క వేరే. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి చెక్క దొరికితే ఇంకా మంచిది. తేలికైన మెత్తటి చెక్క, చెవులు చాకుతో సులువుగా తేలతాయి. రంగు వేసేముందు ఉప్పు కాగితంతో బాగా రుద్దండి, లేకపోతే నార లేచి రంగు పాకుతుంది.

గోళానికి కూడా ఒక టోకెన్ పెట్టండి. ఎక్కడుందో మర్చిపోవడం మామూలే.

జవాబు: మిర్చి_యార్డు_మ్యాప్

బలహీనతలు నాకు వదిలేయండి.

కుక్కలు: వాసనతో చేసే పర్సెప్షన్‌కి అడ్వాంటేజ్, నక్క ఏ ముఖంలో ఉన్నా సరే. భయం అక్కర్లేదు. భయం రూల్ పెడితే ఆటగాడి చేతిలోంచి క్యారెక్టర్ లాగేసినట్టుంటుంది.

ఊళ: మనకి నీలితొట్టిలో పడ్డ నక్క కథ ఉండగా బలహీనత వేరే దేశంలో వెతకడమెందుకు? అడవికి రాజై కూర్చున్న నీలి నక్క దూరంగా తోటి నక్కలు కూయగానే ఆపుకోలేక తానూ కూసి దొరికిపోయింది. దాన్నే రూల్ చేయండి: మనిషి ముఖంలో ఉండగా నక్క ఊళ వినిపిస్తే డీసీ 12 విజ్డమ్ సేవ్. తప్పితే గొంతులోంచి కూత బయటికి రాదు, కానీ మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, చెవులు ఆ దిక్కుకి తిరుగుతాయి, కనుపాప నిలువుగా సన్నగిలుతుంది. ఒక రౌండ్ పాటు చూసేవాళ్లందరికీ పర్సెప్షన్ అడ్వాంటేజ్. ఈ సంగతి తెలిసిన విలన్ రేవు స్పీకర్లలో ఊళ రికార్డింగ్ పెడతాడు. ఒక కథకి ఒక్కసారే వాడండి, రోజూ వాడితే ఆటగాడు విసిగిపోతాడు.

దిక్కు: బలహీనతలతో పాటు ఒక చిన్న బలం. ఎర్ర నక్కలు గడ్డిలో ఎలుకల మీదికి దూకేటప్పుడు ఎక్కువగా ఈశాన్యం వైపే దూకుతాయని, ఆ దిక్కులో ఎక్కువసార్లు దొరకబుచ్చుకుంటాయని చెక్ పరిశోధకులు 2011లో ప్రచురించారు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని పసిగడతాయన్నది వాళ్ల వివరణ. కాబట్టి మీ నక్కకి భూమి మీద, దగ్గరి కక్ష్యలో ఉత్తరం ఎప్పుడూ తెలియాలి. అంగారకుడికి గ్రహం మొత్తాన్నీ కప్పే అయస్కాంత క్షేత్రం లేదు, అక్కడ ఈ శక్తి పోతుంది. ఓడ రియాక్టర్ పక్కన సర్వైవల్ చెక్‌కి డిసడ్వాంటేజ్.

మిర్చి యార్డు: నక్క ముక్కుకి అంతకంటే పెద్ద శత్రువు లేదు. టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్యకి అడుగుపెట్టగానే వాసన అడ్వాంటేజ్ పోయి డిసడ్వాంటేజ్. బస్తాలు కుమ్మరించే చోట పది నిమిషాలకి ఒకసారి డీసీ 12 కాన్‌స్టిట్యూషన్ సేవ్, తేజ రకమైతే డీసీ 15, ఘాటు దానిదే ఎక్కువ. తప్పితే ఒక నిమిషం తుమ్ములు, దాక్కోవడం కుదరదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే సేవ్‌కి అడ్వాంటేజ్, ఎగిరే పొడిని అది ఆపుతుంది. చిన్న నక్కగా మారితే పొడి పేరుకున్న నేలకి ముక్కు దగ్గరవుతుంది కాబట్టి డీసీకి 2 కలపండి. మీ టేబుల్లో పక్షిజాతి క్యారెక్టర్ ఎవరైనా ఉంటే వాళ్లకి ఏ సేవ్ వద్దు. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ పాలిచ్చే జంతువులకే తగులుతుంది, పక్షులకి తెలియదు. నక్కని వెంటాడాలంటే విలన్ పక్షిజాతి వాళ్లని యార్డులోకి పంపాలి.

వెంటాడే సన్నివేశం యార్డులోంచి బయటపడి బ్యారేజీ దాకా వస్తే ఈ లెక్క దగ్గర పెట్టుకోండి. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, నాలుగు వేల అడుగుల పైచిలుకు. 30 అడుగుల నడకతో డ్యాష్ చేస్తూ (యాక్షన్ కూడా నడకకే వాడి రెట్టింపు దూరం) పోయేవాళ్లకి 67 రౌండ్లు, 40 అడుగుల చిన్న నక్కకి 51. అన్ని రౌండ్లూ ఆడించకండి. మొదట్లో, మధ్యలో, అవతలి గట్టున ఒక్కో రోల్ చొప్పున మూడే పెట్టండి. గోళం ఎవరి చేతిలో ఉందో మాత్రం మొదటి రోల్‌కి ముందే అడగండి. మైలు అంటే 1.6 కిలోమీటర్లు, గోళం యార్డులోనే ఉండిపోతే అవతలి గట్టు చేరిన నక్క నక్కగానే ఉండిపోతుంది.